నన్నే సాహెబ్ చెయ్యి ఒప్పుకున్న బేరం

చిత్తూరు మామిడి మండీలో నన్నే సాహెబ్ ఎవరని అడిగి చూడండి, అడిగినవాణ్ణే వింతగా చూస్తారు. నన్నే అంటే వాళ్ల ఇంటి ఉర్దూలో చిన్నవాడని. పేరు పెట్టినవాళ్లకు ముందుచూపు లేదు పాపం, మనిషి ఆరడుగులు దాటి ఇంకా రెండంగుళాలు పెరిగాడు. యాభై ఎనిమిదేళ్లు వచ్చినా నడుము వంగలేదు. గళ్ల లుంగీ, తెల్లచొక్కా, భుజాన ఎర్రంచు తువ్వాలు. పని దళారీ. కాయ తెచ్చిన రైతుకూ కొనవచ్చిన సేటుకూ మధ్య నిలబడి బేరం కుదర్చడం. నలభై ఏళ్లుగా అదే పని. వేరే పని రాదు, నేర్చుకోవాలని కూడా ఎన్నడూ అనుకోలేదు.

ఆ బేరం నోటితో జరిగేది కాదు. అందరి ముందూ ధర పైకి అంటే పక్కవాడు పాడుచేస్తాడని పాతకాలం నుంచీ ఒక పద్ధతి ఉంది. ఇద్దరూ చేతులు కలుపుతారు, పైన తువ్వాలు కప్పుతారు. ఆ చాటున వేళ్లు మాట్లాడుకుంటాయి. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, రెండు పట్టుకుంటే రెండు. ఎదుటివాడి వేళ్లన్నీ మడిచి పిడికిలి మూసేస్తే, ఆ మాటే ఎత్తొద్దని. ఒప్పుదల అయితే బొటనవేలితో అరచేతి నడుమ ఒక్క నొక్కు. నొక్కు పడిందా, అయిపోయింది. ఇచ్చినవాడు వెనక్కి తీసుకోవడానికి లేదు, పుచ్చుకున్నవాడు దయతలచి వదిలేస్తే తప్ప. ఇప్పుడు మండీలో సగం మంది ఫోన్లలోనే బేరాలాడుతున్నారు గానీ, నన్నే సాహెబ్ నిలబడే మూలలో మాత్రం తువ్వాలు పోలేదు.

"బుర్రకు తెలిసేలోపల చేతికి తెలిసిపోతాదప్పా," అంటాడాయన. "అబద్ధమాడేవాని చెయ్యి రొంత బిగుసుకోనుంటాది. ఎండలో కష్టపడినోని చెయ్యి యేరే. అది పట్టుకోంగానే నా బొటనవేలు దానంతట అదే పోయి నొక్కేస్తాది." వినేవాళ్లు నవ్వేవారు. గొప్పలు చెప్పుకుంటున్నాడులే అనుకునేవారు. ఆయన మాత్రం ఉన్నమాటే చెప్పాడు.

ఇంకొక సంగతి. ఈయన కలలు కనే మనిషి. అంత పెద్ద మనిషి, అంత గట్టి దళారి, కలలేమిటని అడక్కండి, ఉన్నాయి. జూన్ మధ్యాహ్నం మండీలో తోతాపురి కుప్పల పక్కన కూర్చుంటే మీకైనా వస్తాయి. పండు వాసన గొంతులోకి దిగుతుంది, వేడికి కళ్లు బరువెక్కుతాయి. నమాజు చేసుకొచ్చి గోనెసంచుల మీద ఒరిగాడంటే ఆ మగతలో ఆయనకు ఏవేవో కనిపించేవి. ఎప్పుడో పోయిన తల్లి అన్నానికి పిలిచేది. నీవా నదిలో నిండుగా నీళ్లు పారేవి. ఈ ఏడు మాత్రం ఒకటే కల. కూతురు సుమయ్యా గాలిలో ఉంటుంది. రెండు చేతులూ చాచి, నేలకు నిలువెత్తున, ఒక పక్కకు వాలి. కిందికి దిగదు. అంతే ఆ కల. ఆయన ఉలిక్కిపడి లేచేవాడు కాదు, చూస్తూ ఉండిపోయేవాడు.

సుమయ్యా ఒక్కతే బిడ్డ. పెళ్లయిన పన్నెండేళ్లకు పుట్టింది. నడక వచ్చిందగ్గర నుంచి తండ్రి వెంటే తోటలకు తిరిగేది. పూతలపట్టు దగ్గర సుబ్రమణ్యం అనే రైతుకు పాత తోట ఉంది, ఆయనా నన్నే సాహెబూ చిన్ననాటి నుంచీ ఒకరినొకరు 'అప్పా' అని పిలుచుకునే స్నేహితులు. అక్కడ కాయ కోసేటప్పుడు పైనున్నవాడు విసిరితే కిందివాళ్లు గోనెపట్టా పరిచి పట్టేవారు, నేల తగిలిన కాయ మూడోనాటికి కుళ్లుతుంది కాబట్టి. ఏడేళ్ల సుమయ్యా పట్టా అక్కర్లేదని ఉత్త చేతులతో పట్టేది. కుడి ఎడమలు చూసేది కాదు, కాయ ఎటు పోతే అటు పడేది. మోచేతులు దోక్కుపోయి ఇంటికొస్తే తల్లి ఉమ్మే సల్మా తండ్రీకూతుళ్లనిద్దర్నీ నిలబెట్టి చీవాట్లు పెట్టేది. నన్నే సాహెబ్‌కు మాత్రం లోపల ఎంత గర్వమో చెప్పలేం. పదిమందితో చెప్పుకుని మురిసిపోయేవాడు.

మరి అలాంటి పిల్ల తిరుపతిలో మహిళా కళాశాలలో బీఎస్సీకి చేరి, హాస్టల్లో ఉంటూ, అక్కడి ఫుట్‌బాల్ జట్టుకు గోల్ కీపర్ అయిందంటే ఆశ్చర్యమేముంది? రెండో సంవత్సరం ముగిసేసరికి విశ్వవిద్యాలయాల పోటీల్లో ఆడింది. అక్కడ బెంగళూరు మహిళల క్లబ్బు తాలూకు మనుషులెవరో చూశారు. జూన్ మొదటివారంలో ఉత్తరం వచ్చింది. రెండేళ్ల ఒప్పందం. బస, భోజనం, జీతం వాళ్లవే. ఆటే ఉద్యోగం. ఇరవయ్యో తేదీకల్లా చేరాలి. పొద్దునా సాయంత్రం సాధన ఉంటుంది కాబట్టి చదువూ అదీ కలిసి కుదరవు. డిగ్రీకి ఇంకా ఒక్క ఏడాది మిగిలి ఉంది.

ఉత్తరం చదివించుకుని నన్నే సాహెబ్ ఒక్కటే మాటన్నాడు.

"డిగ్రీ అయినాక సూస్తాం."

అంతే, ఆ తర్వాత నోరు మూసుకున్నాడు. ఆయన తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసినవాడు. తండ్రీ దళారీయే, ఆయనకు చెయ్యి వణుకుడు రోగం వచ్చింది. వణికే చేత్తో తువ్వాలు కింద బేరం సాగదు కదా, పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా ఆ చేతి పక్కన తన చెయ్యి ఆనించి నిలబడ్డాడు. మా ఇంట్లో ఒక్కరన్నా డిగ్రీ పట్టా పుచ్చుకోవాలని ఊరంతా చెప్పాడు. ఆ కారణం ఎవరికి చెప్పినా సబబేనని తలూపేవారు. ఆయనక్కూడా అదే కారణమని నమ్మకం కుదిరింది.

సుమయ్యా ఫోన్ చేస్తే తిన్నావా, పడుకున్నావా అని రెండు ముక్కలు అడిగి తల్లికిచ్చేసేవాడు. ఆ పిల్లా తక్కువది కాదు, ఉత్తరం మాటే ఎత్తేది కాదు.

"ఇద్దరికిద్దరూ సరిపోయినారు," అంది ఉమ్మే సల్మా. "అజీ, ఔననో కాదనో చెప్పండి. ఆ బిడ్డ మీ మాట దాటి పోయేది కాదని తెల్సు కదా మీకు?"

"గమ్మునుండు," అన్నాడు. అదే కదా ఆయన భయం. ఎదురు తిరిగితే కోప్పడొచ్చు. ఎదురు తిరగని పిల్లను ఏం చేస్తాడు?

పదో తేదీన ఏర్పేడు దగ్గర తోటేదో చూడాలని ఇంట్లో అబద్ధమాడి తిరుపతి బస్సెక్కాడు. కళాశాల వ్యాయామ అధ్యాపకురాలు నాగరత్నమ్మను కలిసి, మీరే కొంచెం చెప్పి ఆపండమ్మా అని అడగాలని ఆయన ఎత్తు. దిగి మైదానం చేరేసరికి సాయంత్రమైంది. కొండల మీది నుంచి వెలుగు ఏటవాలుగా పడుతోంది. గడ్డి మీద దుమ్ము లేచి ఆ వెలుగులో బంగారు పొడిలా తేలుతోంది. నన్నే సాహెబ్ గేటు దగ్గర ఆగిపోయాడు. ఎక్కడ చూశాను ఈ వెలుగుని అనుకున్నాడు. గోనెసంచుల మీద పడుకున్నప్పుడు చూసినదే.

గోల్ పోస్టుల మధ్య సుమయ్యా ఉంది. నల్ల ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా, తలకు గట్టిగా చుట్టిన గుడ్డ. ఆ చివరి నుంచి ఒకమ్మాయి బంతిని తన్నింది. సుమయ్యా పైకి లేచింది. నిజం చెప్తున్నా, ఆయన ఊపిరి తీసుకోలేదు. చప్పుడన్నది లేదు, కాకి అరవలేదు, రోడ్డు మీద బండి పోలేదు. బిడ్డ పక్కకు వాలి, చేతులు చాచి, అలా గాలిలో ఉంది. ఎంతసేపుందో దేవుడికి తెలియాలి. దిగుతుందా, దిగదా అని ఆయనకు సందేహం కూడా కలిగింది. తర్వాత ధబ్బున నేల మీద పడింది, బంతి గుండెకు హత్తుకుని ఉంది. లేచి మట్టి దులుపుకుని నవ్వింది. ఇంట్లో ఆ నవ్వు ఆయన ఎప్పుడూ చూడలేదు.

నాగరత్నమ్మే ఆయన్ను గుర్తుపట్టి దగ్గరికొచ్చింది. యాభై దాటిన మనిషి, మెడలో విజిల్. కుశలం అడిగింది. నన్నే సాహెబ్ వచ్చిన పని చెప్పాడు.

"మేడమ్, ఒక్క ఏడాది ఆగితే ఏం కొంపలు మునిగిపోతాయి? మీరు చెప్తే ఇంటాది."

"జట్టులో కీపర్ చోటు ఒక్కటే ఉంటాది సాహెబ్ గారూ. ఇప్పుడు ఖాళీ ఉండాది. వచ్చే ఏడు ఆడ ఇంకో అమ్మాయి నిలబడుంటాది."

"మోకాలు ఇరిగిందనుకోండి. అప్పుడు ఆటా లేదు, చదువూ లేదు."

"ఇరగొచ్చు. ఇరగదని నేను చెప్పలేను." ఆమె మైదానం వైపు చూసింది. "చదువుదేముంది, ఎప్పుడైనా పరీక్షలు కట్టి రాసుకోవచ్చు. నన్నూ మా నాయన పందొమ్మిదేళ్లప్పుడు ఒక్క ఏడాది ఆగమన్నాడు. ఆగినాను. మంచి ఉద్యోగమే చేస్తాండాను, నాకేం తక్కువ లేదు." ఆపైన ఏదో అనబోయి, విజిల్ ఊది పిల్లల్ని పిలిచింది.

కూతురికి కనపడకుండానే తిరిగొచ్చాడు. బస్సులో కిటికీకి తల ఆనించి చంద్రగిరి దాటాక కళ్లు మూశాడు. పాకాల వచ్చేదాకా సుమయ్యా గాలిలోనే ఉంది.

సెలవు పెట్టుకుని సుమయ్యా గురువారం ఇంటికొచ్చింది. మర్నాడు జుమ్మా నమాజు అయ్యాక భోజనాలు చేసి అందరూ వసారాలో కూర్చున్నారు. తోతాపురి కోత ఎప్పుడు పెట్టుకోవాలో మాట్లాడడానికి సుబ్రమణ్యం కూడా వచ్చి ఉన్నాడు. ఆయనకు సంగతంతా తెలుసు. తండ్రి గోడ వైపు, కూతురు వాకిలి వైపు చూస్తూ కూర్చోవడం చూసి ఆయనకు నవ్వూ వచ్చింది, చిరాకూ వచ్చింది.

"ఏమప్పా, ఎన్నాళ్లిట్ల మూగోళ్ల మాదిరి కూసుంటారు? నోరు రాకుంటే తువ్వాలేసుకోండి ఇద్దరూ. నీకు తెల్సిన భాష అదొకటే కదా."

వేళాకోళానికే అన్నాడు. ఉమ్మే సల్మా నవ్వింది కూడా. సుమయ్యా నవ్వలేదు. లేచొచ్చి తండ్రి ఎదురుగా చాప మీద కూర్చుని చెయ్యి చాపింది.

"యేయండి అబ్బా."

ఆ తువ్వాలు కింద ఆడమనిషి చెయ్యి పెట్టడం ఎక్కడా లేదు. మండీలో గంపలెత్తే ఆడవాళ్లున్నారు, తోటలున్న ఆడవాళ్లున్నారు, వాళ్ల తరఫున బేరం మాత్రం మగవాళ్లే ఆడతారు. కానీ చెయ్యి చాపినవాళ్లకు తువ్వాలు లేదనడం కూడా దళారీ ధర్మం కాదు. పైగా సుబ్రమణ్యం కళ్లెదుట. నన్నే సాహెబ్ కూతురి మొహం చూశాడు, భుజాన ఉన్నది తీశాడు, కలిసిన చేతుల మీద కప్పాడు.

ఆయన బేరం సిద్ధంగానే ఉంది. ఒక్క ఏడాది. కూతురి చూపుడువేలు ఒక్కటే పట్టుకున్నాడు. ఒక్కటే అమ్మా, పట్టా చేతికొచ్చాక నీ ఇష్టం అని ఆ పట్టులో మొత్తం చెప్పాడు. బతిమాలాడు కూడా. నోటితో ఎన్నడూ బతిమాలని మనిషి.

సుమయ్యా వేలు లాక్కోలేదు. కాసేపు అలాగే ఉండనిచ్చింది. తర్వాత మెల్లగా వేలు విడిపించుకుని, తండ్రి వేళ్లను ఒక్కొక్కటే మడిచింది. చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు, చూపుడు వేలు. తొందర లేదు, విసురు లేదు. పిడికిలి మూసి, పైన తన చెయ్యి కప్పింది. ఒక్క ఏడాది కూడా వద్దు అబ్బా, ఇప్పుడే.

అప్పుడు ఆ చెయ్యి ఆయనకు తెలిసింది. బడికి పోయేటప్పుడు రోడ్డు దాటించడానికి పట్టుకున్న చెయ్యి కాదిది. అరచెయ్యి గరుకుగా కాయలు కాసి ఉంది. కణుపుల దగ్గర చర్మం పగిలి మళ్లీ కలిసింది. చిటికెన వేలు ఎప్పుడో విరిగి కొంచెం వంకరగా అతుక్కుంది, ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. వణుకు లేదు. బిగింపు లేదు. నలభై ఏళ్లలో వేలమంది చేతులు పట్టుకున్నాడు, ఇంత నమ్మకమైన చెయ్యి ఎన్నిసార్లు తగిలిందో ఒక చేతి వేళ్ల మీద చెప్పొచ్చు. ఎప్పుడు విరిగింది తల్లీ ఈ వేలు, ఎవరు కట్టు కట్టారు అని ఆయన మనసు ఎక్కడికో పోయింది. ఎండలో మైదానం, బంగారు దుమ్ము, గాలిలో పిల్ల.

మనసు అక్కడ తిరుగుతుండగానే, ఇక్కడ బొటనవేలు తనకు అలవాటైన పని తాను చేసింది. పిడికిలి విప్పుకుని, కూతురి అరచేతి నడుమ ఒక్క నొక్కు నొక్కింది.

సుమయ్యా ఉలిక్కిపడింది. ఆయన అంతకంటే ఉలిక్కిపడ్డాడు.

"కుదిరిందా అప్పా?" అన్నాడు సుబ్రమణ్యం.

ఏం చెప్తాడు? లేదంటే నలభై ఏళ్లు నీళ్లలో పోసినట్టే. నన్నే సాహెబ్ తువ్వాలు తీసి మడిచాడు. తన చేతిని అటూ ఇటూ తిప్పి, అదెవరిదో పరాయివాళ్లదైనట్టు చూశాడు.

"కుదిరింది," అన్నాడు.

ఆ రాత్రి నుంచీ ఇల్లు సర్దుడుతో నిండిపోయింది. సుమయ్యా బూట్లు ఎండలో పెట్టింది, ఉమ్మే సల్మా కారప్పొడి దంచి డబ్బాకు పోసింది. మొగుడి ఒక్క చూపుకే సంగతి గ్రహించిన మనిషి ఆమె. "చెయ్యి జారింది కదూ మీకు?" అని ఒకసారి నెమ్మదిగా అడిగింది. ఆయన మండీకి పోయి గోనెల మీద పడుకున్నాడు గానీ కల రాలేదు. కళ్లు మూస్తే ఉత్త చీకటి. ఆ ఐదురోజులూ ఆయనకు అన్నం సయించలేదు.

పంతొమ్మిదో తేదీ పొద్దున బెంగళూరు బస్సు. ఉమ్మే సల్మా ఏడుపు ఆపుకోలేనని వాకిట్లోనే ఆగిపోయింది. తండ్రీకూతుళ్లు బస్టాండుకొచ్చారు. పెద్ద సంచి బస్సు కింద అరలో పెట్టించి, చిన్న సంచి భుజాన తగిలించుకుని సుమయ్యా తండ్రి ముందు నిలబడింది.

"అబ్బా, ఒక మాట. ఆ పొద్దు మీరు నొక్కలేదు. మీ చెయ్యి నొక్కింది. నాకు అప్పుడే తెల్సిపోయింది."

నన్నే సాహెబ్ భుజాన తువ్వాలు సర్దుకున్నాడు.

"తెల్సి కూడా ఊరుకున్నాను. నాకు పోవాలని ఆశగా ఉండింది కాబట్టి. అప్పటి నుంచీ నాకు నిద్ర లేదు." ఆ పిల్ల తండ్రికి ఇంకో అడుగు దగ్గరికి వచ్చింది. "పుచ్చుకున్నోళ్లు వదిలేస్తే నొక్కు చెల్లదంట కదా. వదిలేస్తాండా అబ్బా. ఒద్దని ఒక్క మాట చెప్పండి, సంచి దింపించుకుంటాను. సంతోషంగానే ఇంటికొస్తాను, ఒట్టు. డిగ్రీ పూర్తి చేస్తాను."

బస్సు ఇంజను మోగుతోంది. కండక్టరు కోలారు, బెంగళూరు అని అరుస్తున్నాడు. ఇన్నేళ్ల దళారీ బతుకులో పడిన నొక్కును ఇలా అడక్కుండా వదిలేసినవాళ్లు నన్నే సాహెబ్‌కు ఒక్కరు తగల్లేదు. ఇప్పుడు ఒక్క మాట చాలు. వద్దు అంటే చాలు.

"నాకు ఇష్టం లేదు," అన్నాడు.

సుమయ్యా కళ్లు దించుకుని, తలూపి, బస్సు కింది అర వైపు కదలబోయింది. ఆయన ఆమె భుజం పట్టుకుని ఆపాడు.

"ఉండు. డిగ్రీ కోసం కాదు. అందరికీ అదే చెప్పినా, నాకు నేను గూడా అదే చెప్పుకున్నా. అబద్ధం. నువ్వు తిరుపతిలో ఉంటే నెలకు రెండుతూర్లు వస్తావు కదా, ఆ రెండు పొద్దుల కోసరమే మిగతా దినాలు గడుపుతాండా నేను. ఆడ ఆటలుంటాయి, ఊర్లు తిరుగుతావు, యాడాదికొకతూరి వస్తావో రావో. నిన్ను పంపేదానికి నాకు ఇంత గూడా ఇష్టం లేదు బేటీ."

"అయితే ఉండిపోతా అబ్బా."

"ఎక్కు."

"అబ్బా..."

"ఎక్కమంటాండా కదా. ఆ పొద్దు చెయ్యి చెప్పింది. ఇప్పుడు నేను చెప్తాండా. నాకు ఇష్టం లేదు, నువ్వు పో."

ఆమె తండ్రి చేతిని రెండు చేతులతో పట్టుకుని కళ్లకద్దుకుంది. ఎక్కింది. కిటికీ దగ్గర సీటు దొరకలేదు, మనుషుల మధ్య నుంచి తల మాత్రం ఒకసారి కనిపించింది. బస్సు వెనక్కి వచ్చి, తిరిగి, గేటు దాటి పలమనేరు రోడ్డు పట్టింది. నన్నే సాహెబ్ బస్టాండు నడుమ నిలువెత్తు మనిషి, అందరూ చూస్తుండగా ఏడ్చాడు, తుడుచుకోలేదు.

"ఏం పెద్దాయనా, యాడికి పోవాల నువ్వు?" అని పక్క బస్సు కండక్టరు కేకేశాడు.

"నేను యాడికీ లేదప్పా," అన్నాడు. "నా బిడ్డ పోతాండాది."